కంప్యూటరుకు విసనకర్ర

వేసవిలో విసనకర్ర వీచుకొన్నంత మాత్రాన గదిలోని గాలి చల్లబడదు. శరీరాన్ని అంటిపెట్టుకొని ఉన్న వెచ్చని గాలిపొరను అది పక్కకు నెట్టి, దాని స్థానంలోకి కొత్త గాలిని తెస్తుంది. ఆ గాలికి చెమట ఆరుతుంది కనుక ప్రాణానికి హాయి కలుగుతుంది. కంప్యూటరు పెట్టెలో తిరిగే ఫాను చేసే పని కూడా ఇంతే. యంత్రానికి చెమట పట్టదు కనుక ఆ రెండవ సుఖం దానికి లేదు. ఫాను ఎంత వేగంగా తిరిగినా, కూలరు ఎంత ఖరీదైనదైనా, ప్రాసెసరును గదిలోని గాలికన్న చల్లగా ఉంచలేదు. ఈ చిన్న సత్యాన్ని మరువనివారికి కూలర్ల మంచిచెడ్డలు నిర్ణయించడం కష్టమైన పని కాదు.

విదేశాలలోని తెలుగువారి ఇళ్ళలో, హైస్కూలు చదువుతున్న పిల్లలు విడిభాగాలు తెప్పించుకొని తమ కంప్యూటరును తామే కూర్చుకోవడం అరుదైన విషయం కాదు. ఆ పనిలో ఏదో ఒకనాడు ఒక కోరిక బయలుదేరుతుంది: ప్రాసెసరుతో పాటు వచ్చిన చిన్న కూలరును తీసివేసి, విడిగా అమ్మే పెద్ద కూలరును అమర్చాలని. ముప్ఫయి డాలర్ల రాగిగొట్టాల కూలరు మొదలు నూట యాభై డాలర్లు దాటిన నీటి కూలరు వరకు అంగడిలో దొరుకుతాయి. "ఇది నిజంగా అవసరమా?" అని తండ్రి అడుగుతాడు. "పరీక్షించి చూశారు నాన్నా, పది డిగ్రీలు తగ్గిందట" అని కూతురు బదులు చెబుతుంది. ఆ పది డిగ్రీలను ఎట్లా కొలిచారో తెలిసేవరకు ఈ వాదం తేలదు.

వేడి పుట్టుక

ప్రాసెసరు ఎన్ని లెక్కలు కట్టినా బరువులు ఎత్తదు, దీపాలు వెలిగించదు. అది గ్రహించిన విద్యుచ్ఛక్తి దాదాపు అంతా చివరకు వేడిగా మారవలసినదే. 1993లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన తొలి పెంటియం ప్రాసెసరు గరిష్ఠంగా సుమారు 15 వాట్లు తీసుకొనేది. అదే సంస్థ 2023లో విడుదల చేసిన కోర్ ఐ9-14900కె ప్రాసెసరుకు నిర్దేశించిన గరిష్ఠ విద్యుత్తు 253 వాట్లు. ఈ వేడి అంతా పుట్టే సిలికాను పలక వైశాల్యం సుమారు రెండున్నర చదరపు సెంటీమీటర్లు. అంటే చదరపు సెంటీమీటరుకు వంద వాట్లు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె అడుగుభాగం రెండువందల చదరపు సెంటీమీటర్లు అనుకొంటే, అక్కడ చదరపు సెంటీమీటరుకు ఐదు వాట్లే. అందులో ఇరవై రెట్ల తీవ్రతతో వేడి పుడుతున్నా ఆ పలక వంద డిగ్రీలు దాటకుండా చూడాలి.

ట్రాన్సిస్టర్లు స్విచ్చుల వలె మారుతున్నప్పుడు ఖర్చయ్యే శక్తి గడియారపు వేగానికి అనులోమంగాను, వోల్టేజి వర్గానికి అనులోమంగాను పెరుగుతుంది. వేగాన్ని ఒకటిన్నర రెట్లు చేసి, వోల్టేజిని పది శాతం పెంచితే వేడి 1.8 రెట్లకు చేరుతుంది. 1998లో 300 మెగాహెర్ట్జ్‌ల వేగానికి అమ్మిన ఇంటెల్ సెలెరాన్ 300ఎ ప్రాసెసరును ఔత్సాహికులు 450 మెగాహెర్ట్జ్‌ల వద్ద నడిపించారు. విడి కూలర్ల మీద మోజు పెరగడానికి ఇటువంటి ప్రయోగాలు ఒక కారణం.

2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే సాంకేతిక పత్రిక, పనిచేస్తున్న ప్రాసెసర్ల మీది కూలర్లను ఊడదీసి ఏమవుతుందో చిత్రీకరించింది. ఏఎండి అథ్లాన్ క్షణాలలో పొగలు కక్కి కాలిపోయింది. పెంటియం 4 మాత్రం తన వేడిని తానే గుర్తించి, వేగం తగ్గించుకొని బ్రతికింది. నేటి ప్రాసెసర్లన్నిటిలోను ఈ ఆత్మరక్షణ ఏర్పాటు ఉన్నది. ఇది యంత్రానికి మేలు చేసింది గాని, పరీక్షించేవారికి ఒక చిక్కు తెచ్చిపెట్టింది. నాసిరకపు కూలరును అమర్చినా ప్రాసెసరు తన హద్దు దాటదు; పని మందగిస్తుంది. 2022లో వచ్చిన ఏఎండి రైజెన్ 7000 తరగతిలోని పెద్ద ప్రాసెసర్లను, భారీ పనివేళ 95 డిగ్రీల వరకు వెళ్ళేటట్లుగానే రూపొందించారు. అటువంటి ప్రాసెసరు మీద మంచి కూలరు, మధ్యరకం కూలరు రెండూ 95 డిగ్రీలే చూపవచ్చు. తేడా పని పూర్తయ్యే వేగంలో కనిపిస్తుంది. కనుక డిగ్రీలను మాత్రమే చూసి తీర్పు చెప్పడం పొరపాటు.

గోరంత చోటు నుంచి గదిలోకి

ప్రాసెసరు మూతను, కూలరు అడుగును ఎంత నునుపు చేసినా సూక్ష్మదర్శినిలో చూస్తే మిట్టపల్లాలే. ఆ పల్లాలలో గాలి చిక్కుకొంటుంది. ఒకే కొలమానంలో రాగి ఉష్ణవాహకత సుమారు 400, అల్యూమినియంది సుమారు 237 అయితే, గాలిది 0.026 మాత్రమే. అందుకే నడుమ పేస్టు పూస్తారు. మేలురకం పేస్టుకు కూడా ఆ అంకె పది ప్రాంతంలోనే ఉంటుంది. రాగితో పోలిస్తే అది చాలా తక్కువ. పేస్టు ఉన్నది గాలిని తొలగించడానికి. దిబ్బరొట్టెలా మందంగా మెత్తితే అదే అడ్డుగోడ అవుతుంది.

అక్కడినుంచి వేడిని రేకుల వరకు మోసేవి రాగిగొట్టాలు. ఇవి బోలుగా ఉండి, లోపల తక్కువ పీడనం వద్ద కొద్దిపాటి నీరు కలిగి ఉంటాయి. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 4.2 జౌళ్ళు చాలు. ఆవిరి చేయడానికి రెండువేల జౌళ్ళకు పైగా కావాలి. మట్టికూజాలోని నీరు చల్లబడేది ఈ గుప్తోష్ణం వలననే. గొట్టం వేడి కొనలో నీరు ఆవిరై, చల్లని కొనలో తిరిగి ద్రవించి, గోడలకున్న సచ్ఛిద్రమైన పొర ద్వారా దీపపు వత్తిలో నూనె పాకినట్లు వెనక్కు వస్తుంది. 1944లో అమెరికాలో గాగ్లర్ అనే ఇంజనీరు ఈ భావనకు పేటెంటు పొందాడు. 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జి గ్రోవర్ దీనిని స్వతంత్రంగా రూపొందించి ప్రచారంలోకి తెచ్చాడు.

చివరి మజిలీ గాలి. రెండువందల వాట్ల వేడిని తీసుకొనిపోతూ గాలి పది డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే, నిమిషానికి సుమారు ఒక ఘనపు మీటరు గాలి రేకుల మధ్య సాగాలి. ఫాను వేగాన్ని రెట్టింపు చేస్తే గాలి రెట్టింపు అవుతుంది. అందుకు కావలసిన శక్తి మాత్రం ఎనిమిది రెట్లు అవుతుంది. రొద సుమారు 15 డెసిబెల్‌లు పెరుగుతుంది.

న్యాయమైన పరీక్ష

ఈ ప్రయాణం అర్థమైతే పరీక్షా నియమాలు వాటంతట అవే ఏర్పడతాయి.

మొదటిది, గది ఉష్ణోగ్రతను తీసివేసి లెక్కించాలి. మినెసోటాలో చలికాలపు నేలమాళిగ వేరు, దుబాయిలో వేసవి మధ్యాహ్నపు గది వేరు. థర్మామీటరును గది మూలన గాక, కూలరులోకి గాలి ప్రవేశించే చోటికి దగ్గరగా ఉంచాలి.

రెండవది, వేడిని స్థిరంగా ఉంచాలి. ప్రాసెసరుకు కంప్యూటరు అమరికలలో ఒక విద్యుత్ హద్దు విధించి, అది ఆ హద్దు వద్దనే నిలిచేటంత బరువైన, మార్పులేని పనిని అప్పగించాలి. ప్రధాన సంఖ్యలను వెదకడానికి 1996లో మొదలైన ప్రైమ్95 అనే ప్రోగ్రాము ఇందుకు ప్రసిద్ధమైనది. కూలర్లను తయారుచేసేవారు ప్రాసెసరుకు బదులు, లోపల హీటరు బిగించిన రాగిదిమ్మను కూడా వాడతారు. దిమ్మలోకి పోయే వాట్లు కచ్చితంగా తెలుస్తాయి కనుక అది తూకంరాయి వంటిది.

మూడవది, రొదను సమానం చేయాలి. పూర్తి వేగంతో హోరెత్తించిన ఫానును నెమ్మదిగా తిరిగే ఫానుతో పోల్చడం న్యాయం కాదు. చెవికి ఒకే స్థాయి రొద వినిపించేటట్లు రెండింటి వేగాలను సర్ది అప్పుడు కొలవాలి.

నాలుగవది, ఓపిక. నీటి కూలరులోని నీరు వేడెక్కడానికి వ్యవధి పడుతుంది. మొదటి రెండు మూడు నిమిషాలలో కొలిస్తే అది ఉన్నదానికన్న గొప్పగా కనిపిస్తుంది. గాలి కూలరుకు పావుగంట, నీటి కూలరుకు అరగంట ఇచ్చి, అంకె కదలకుండా నిలిచిన తరువాతనే వ్రాసుకోవాలి.

ఈ నియమాలు పాటించి వచ్చిన ఉష్ణోగ్రతా భేదాన్ని వాట్లతో భాగిస్తే లభించేది ఉష్ణ నిరోధం. అది ఎంత తక్కువైతే కూలరు అంత మేలైనది. ఉదాహరణకు, రెండు ఇళ్ళలో ఒకే రకం ప్రాసెసర్లు 150 వాట్ల వద్ద నడుస్తున్నాయనుకొందాం. 22 డిగ్రీల గదిలో మొదటి కూలరు కింద ప్రాసెసరు 70 డిగ్రీలు చూపింది. భేదం 48, నిరోధం 0.32. రెండవ ఇంట గది 28 డిగ్రీలు, ప్రాసెసరు 73 డిగ్రీలు. భేదం 45, నిరోధం 0.30. పైకి వేడిగా కనిపించిన రెండవదే మెరుగైనదని తేలింది.

తేలిందా? ఇక్కడ ఐదవ నియమం అడ్డు వస్తుంది. మొదటి కూలరును ఊడదీసి, పాత పేస్టు తుడిచి, మళ్ళీ పూసి బిగిస్తే ఈసారి 72 రావచ్చు, మరొకసారి 69 రావచ్చు. పేస్టు పరుచుకొన్న తీరు, మరల బిగింపు ఒక్కొక్కసారి ఒక్కొక్క రకం. పైగా ప్రాసెసరులోని సెన్సరు ఒక డిగ్రీకన్న సన్నని తేడాను నమ్మకంగా చెప్పదు. ఒకే కూలరు తనతో తానే మూడు డిగ్రీలు విభేదిస్తుంటే, రెండు కూలర్ల మధ్య మూడు డిగ్రీల తేడాకు విలువ కట్టలేము. ప్రతి కూలరును కనీసం మూడుసార్లు బిగించి, సగటును, దానితో పాటు ఎగుడుదిగుడును కూడా చెప్పిన పరీక్షనే నమ్మాలి. ఒక్కసారి కొలిచి రెండు డిగ్రీల తేడాకు అరవై డాలర్లు అదనంగా ఇమ్మనే ప్రకటనకు సమాధానం ఇదే.

రసాయనశాస్త్రం చెప్పే జాగ్రత్తలు

పేస్టుకు బదులు ద్రవలోహం వాడితే మరికొన్ని డిగ్రీలు తగ్గుతాయన్నది నిజమే. అది గాలియం, ఇండియం, తగరం మొదలైన లోహాల మిశ్రమం. గది ఉష్ణోగ్రత వద్దనే ద్రవంగా ఉంటుంది. 1871లో మెండెలీవ్ ఇంకా ఎవరూ చూడని గాలియం ఉనికిని ఊహించి, సంస్కృత పదం చేర్చి దానికి "ఏక-అల్యూమినియం" అని పేరు పెట్టాడు. 1875లో అది ఫ్రాన్సులో దొరికింది. ఆవర్తన పట్టికలో అల్యూమినియం కిందనే కూర్చున్న ఈ లోహం అల్యూమినియానికి బద్ధశత్రువు. దాని స్ఫటికాల సందులలోకి చొరబడి, గట్టి లోహాన్ని చేతితో విరిచేటంత పెళుసుగా మార్చివేస్తుంది. అడుగుభాగం అల్యూమినియంతో చేసిన కూలరుకు ద్రవలోహాన్ని ఎన్నడూ తాకించరాదు. అది విద్యుద్వాహకం కూడా; ఒక్క బొట్టు బోర్డు మీద పడినా షార్టు సర్క్యూటుకు దారితీయవచ్చు. పిల్లల చేతికి ఇవ్వదగిన వస్తువు కాదు.

వేడి తగ్గితే ఆయుర్దాయం పెరుగుతుందన్న మాటకు మూలం 1889లో అర్హీనియస్ ప్రతిపాదించిన సమీకరణం. ప్రాసెసరులోని సన్నని తీగలలో లోహపు పరమాణువులు విద్యుత్ప్రవాహానికి మెల్లగా కొట్టుకొనిపోతాయి. ఈ అరుగుదలకు 1969లో జేమ్స్ బ్లాక్ ఇచ్చిన సూత్రంలోను అర్హీనియస్ పదమే ఉన్నది. పది డిగ్రీలు తగ్గితే ఈ అరుగుదల సుమారు సగమవుతుందన్నది ఒక మోటు లెక్క. అయితే తయారీదారు విధించిన హద్దులలో నడిచే ప్రాసెసరు, ఐదారేళ్ళలో పాతబడి మూలకు చేరే కంప్యూటరు ఆయుష్షుకు సరిపడా మన్నేటట్లుగానే నిర్మితమవుతుంది. నూరేళ్ళ ఆయుష్షును రెండువందల ఏళ్ళు చేయడానికి డబ్బు ఖర్చు పెట్టనక్కరలేదు.

కొనకముందు ఒక సాయంత్రం

కొత్త కూలరు కొనేముందు ఇంటిలోనే చేయదగిన పరీక్ష ఒకటున్నది. కంప్యూటరుకు అరగంట సేపు భారీ పని అప్పగించి ఉష్ణోగ్రత వ్రాసుకోవాలి. పిదప పెట్టె పక్క తలుపు తీసి, లోపల చేయి పెట్టకుండా, మరో అరగంట అదే పని చేయించాలి. ఉష్ణోగ్రత బాగా పడిపోయినట్లయితే దోషం కూలరుది కాదు. పెట్టెలో గాలి ఆడడం లేదు. ముందువైపు ఒక ఫాను చేర్చినా, దుమ్ము పట్టిన జాలీని శుభ్రం చేసినా చాలు. గల్ఫు దేశాల ఇళ్ళలో ఇసుకధూళి కొద్దికాలంలోనే రేకుల మధ్య తెరకట్టగలదు. తలుపు తీసినా తేడా లేకపోతే, కంప్యూటరును ఆపి, ప్లగ్గు తీసి, కూలరును విప్పి చూడాలి. ఎండి బీటలు వారిన పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి కొత్తది పూయాలి. కూలరు అడుగున అంటించి పంపే ప్లాస్టిక్ పొరను ఒలవకుండానే బిగించినవారూ లేకపోలేదు. ఇవన్నీ సరిచేసిన తరువాత కూడా ప్రాసెసరు హద్దును తాకి వేగం తగ్గుతుంటే, అప్పుడు పెద్ద కూలరుకు పెట్టిన డబ్బు వృథా కాదు.

ఈ అంకెలన్నిటినీ ఒక నోటుపుస్తకంలో వ్రాసే పనిని పిల్లలకే అప్పగించవచ్చు. గది ఉష్ణోగ్రత, వాట్లు, ఫాను వేగం, ప్రాసెసరు ఉష్ణోగ్రత అని నాలుగు గళ్ళు గీసి, ఒక్కొక్క కొలతను మూడుసార్లు నింపితే పాఠశాల సైన్సు ఫెయిరుకు తగిన ప్రయోగం సిద్ధమవుతుంది. ఐదవ గడిగా గది వేడిని గంటగంటకు వ్రాయిస్తే ఇంకొక సంగతి కూడా బయటపడుతుంది. కూలరు ఎంత గొప్పదైనా ఆ 250 వాట్లను మాయం చేయలేదు. పెట్టెలోనుంచి గదిలోకి తరలిస్తుంది, అంతే. అక్కడినుంచి దానిని వీధిలోకి పంపే ఎయిర్‌కండిషనరు బిల్లు ఇంటిపెద్దకు వస్తుంది.