గ్రూపు కలిసినా రక్తం కలవనప్పుడు

మావాడిదీ ఓ పాజిటివే, సంచిలోదీ ఓ పాజిటివే, ఇంకా ఆలస్యమెందుకని గుంటూరు పెద్దాసుపత్రిలోనైనా ఒంగోలు రిమ్స్‌లోనైనా రోగి బంధువులు ఆత్రపడటం సహజం. ఆ సమయంలో లోపల క్రాస్‌మ్యాచ్ జరుగుతుంటుంది. రోగి సీరాన్ని దాత ఎర్రకణాలతో కలిపి, అవి ముద్దకడుతున్నాయా, పగులుతున్నాయా అని చూస్తారు. తొందరపెట్టి ఈ పరీక్షను దాటించమని దయచేసి అడగకండి.

ఎందుకో తెలియాలంటే బాంబే గ్రూపు సంగతి చూడండి. 1952లో డాక్టర్ వై.ఎం. భేండే, ఆయన సహచరులు బొంబాయిలో దీన్ని గుర్తించారు. ఎర్రకణం మీద ఏ, బీ పదార్థాలు తయారవ్వాలంటే ముందు హెచ్ అనే పదార్థం ఉండాలి. ఓ గ్రూపువాళ్లకి ఏ, బీ లేకపోయినా హెచ్ నిండుగా ఉంటుంది. బాంబే గ్రూపువాళ్లకి అదీ ఉండదు. కాబట్టి మామూలు గ్రూపు పరీక్షలో ఓ అనే తేలుతుంది. కానీ హెచ్‌ని ఎదిరించే యాంటీబాడీ వాళ్ల రక్తంలో సహజంగానే ఉంటుంది. ఓ రక్తం ఎక్కించారా, ఆ కణాలు పగిలిపోతాయి. చలిజ్వరం, నడుంనొప్పి, ఎర్రటి మూత్రం మొదలవుతాయి. కిడ్నీలు దెబ్బతిని ప్రాణం మీదికి రావచ్చు. రక్తం ఎక్కుతుండగా వీటిలో ఏది కనిపించినా వెంటనే నర్సుని పిలిచి ఆపించాలి.

ఐరోపాలో సుమారు 10 లక్షల మందిలో ఒకరికి ఉండే ఈ గ్రూపు మన దేశంలో దాదాపు 10,000 మందిలో ఒకరికి ఉంటుంది. అమ్మానాన్నలిద్దరి నుంచీ దీనికి కారణమైన జన్యువు వస్తేనే ఇది బయటపడుతుంది. మేనరికాలు, మేనమామ పెళ్లిళ్లు జరిగే మన పల్లెల్లో అలా రావడానికి అవకాశం ఎక్కువ. తోడబుట్టినవాళ్లలో ఒక్కొక్కరికీ అదే గ్రూపు ఉండే అవకాశం సాధారణంగా నాలుగింట ఒక వంతు. అందుకే దాత కోసం ముందు వాళ్లనే పరీక్షిస్తారు.

పుట్టుకతో సంబంధం లేకుండా, గర్భం వల్లో పాత రక్తమార్పిడి వల్లో వచ్చే యాంటీబాడీలు కూడా ఉన్నాయి. తరచూ రక్తం ఎక్కించుకునే తలసీమియా పిల్లల్లో వీటి బెడద ఎక్కువ. వీటిలో కిడ్ అనే రకం యాంటీబాడీలు మరీ మాయదారివి. కొన్నాళ్లకు పరీక్షకు అందనంతగా తగ్గిపోతాయి, మళ్లీ అవి ఎదిరించే రక్తం ఎక్కగానే విజృంభిస్తాయి. వారం పది రోజులకు జ్వరం వస్తుంది, కళ్లు పచ్చబడతాయి, పెరిగిన హిమోగ్లోబిన్ దిగిపోతుంది. మామూలు కామెర్లే అనుకుని పసరు మందుకు వెళ్లకండి. రక్తం ఎక్కించిన ఆసుపత్రికే వెళ్లి, ఫలానా రోజున ఎక్కించారని చెప్పండి. 1945లో వచ్చిన కూంబ్స్ పరీక్ష ఇప్పటికీ ఈ గుట్టు విప్పుతుంది.

యాంటీబాడీ దొరికితే దాని పేరు కాగితం మీద రాయించుకోండి. తర్వాతి పరీక్షలో కనిపించకపోయినా, మరో ఊళ్లో ఆపరేషనుకు వెళ్తే ముందుగా ఆ కాగితమే చూపించండి. పాత కాన్పులు, గర్భస్రావాలు కూడా దాచకుండా చెప్పండి.