నెమరువేసే పశువు కడుపులో ఏమి జరుగుతుంది?



లేవీయకాండము 11వ అధ్యాయంలో నెమరువేసే జంతువులను గూర్చి చదువుతాము. ఆ నెమరు వెనుక జరిగే పనిని ఈ నెల తెలుసుకుందాం.

గడ్డిలోని పీచును మనమే కాదు, ఆవు కూడా సొంతంగా అరిగించుకోలేదు. దాని పొట్టలో నాలుగు గదులున్నాయి. మొదటిదైన రూమెన్ అన్నిటికంటె పెద్దది. అందులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు గాలి లేని చోట పీచును పులియబెడతాయి. అప్పుడు తయారయ్యే ఆమ్లాలే ఆవుకు బలం, పాలలోని వెన్నకు మూలం.

పులిసేటప్పుడు హైడ్రోజన్ కూడా పుడుతుంది. అది పేరుకుంటే అరుగుదల మందగిస్తుంది. ఆర్కియా అనే మరో రకం సూక్ష్మజీవులు ఆ హైడ్రోజన్‌ను కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మీథేన్‌గా మారుస్తాయి. గోబర్ గ్యాస్ తొట్టిలో మంటకు పనికివచ్చే వాయువు ఇదే.

పెద్ద పాడి ఆవు రోజుకు సుమారు 250 నుండి 500 లీటర్ల మీథేన్ వదులుతుంది. చాలామంది అనుకున్నట్టు వెనుకనుండి కాదు, ఎక్కువ భాగం త్రేన్పులతో నోటినుండి పోతుంది. మేతలోని శక్తిలో 2 నుండి 12 శాతం ఇలా వృథా అవుతుంది. ఈ వాయువు భూమిని వేడెక్కిస్తుంది కూడా. వట్టి ఎండుగడ్డితో సరిపెట్టక పచ్చిమేత, దాణా తగు పాళ్లలో కలిపి పెడితే, లీటరు పాలకు వెలువడే మీథేన్ తగ్గుతుంది.

త్రేన్పు ఆగితే మాత్రం ప్రాణానికే ముప్పు. తడిసిన లేత పిల్లిపెసర వంటి మేత ఎక్కువగా తింటే కడుపులో నురగ కట్టి గాలి బయటకు రాదు. పెండ్లి విందులో మిగిలిన అన్నం గంపలకొద్దీ పెడితే ఆమ్లం పెరిగి, పీచును అరిగించే సూక్ష్మజీవులే చచ్చిపోతాయి. అన్నం పారవేయలేక ప్రేమతో పెట్టినదే పశువుకు విషమవుతుంది.

గుర్తుంచుకోండి:

1. కొత్త మేతను కొద్దికొద్దిగా అలవాటు చేయండి.

2. ఎడమ డొక్క ఉబ్బి, పశువు ఆయాసపడుతుంటే ఆలస్యం చేయక పశువైద్యుని పిలవండి.

3. ఆయాసపడే పశువుకు బలవంతంగా నూనె, మందు పోయకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. స్పృహలేని రోగి నోట్లో నీళ్లు పోయవద్దని వార్డులో మేము చెప్పేది కూడా ఇందుకే.

4. గోబర్ గ్యాస్ తొట్టిలోకి ఎవరూ దిగకండి. లోపల ఊపిరి ఆడదు.

ఒక్క గేదె పాలమీద బ్రతికే కుటుంబాలు మనలో ఎన్నో. దాని కడుపు చల్లగా ఉంటేనే మన పిల్లల కడుపు నిండుతుంది.