ఫారోలకు ఊదడం రాదు!

కైరోలోని ఖాన్ ఎల్ ఖలీలీ బజారు. అద్దాల అరల్లో బారులు తీరిన అత్తరు సీసాలు... సన్నని మెడలు, బంగారు రంగు గీతలు. పక్కనే దారాలకు వేలాడే గాజు ఒంటెలు, చేపలు, క్రిస్మస్ చెట్టుకు కట్టే బుడగలు. అన్నీ ఊది చేసినవే. ఇది ఫారోల నాటి విద్య అన్న మాట కూడా వీటితో పాటే అమ్ముడవుతుంటుంది.

అందులో నిజం సగమే. క్రీ.పూ.1500 ప్రాంతానికే ఈజిప్టులో గాజు పాత్రలున్నాయి. కానీ వాటిలో ఒక్కటీ ఊది చేసింది కాదు!

మరెలా చేసేవారంటే... కడ్డీ చివర మట్టిముద్దను సీసా ఆకారంలో అతికించి, దానిమీద కరిగిన గాజును చుట్టేవారు. పైన రంగుల గాజు తీగలు చుట్టి, వేడిమీదుండగానే మొనతో పైకీ కిందకీ లాగితే అలల్లాంటి నమూనాలు వచ్చేవి. చల్లారాక కడ్డీ తీసేసి, లోపలి మట్టిని గీకేవారు. ఒక్క చిన్న సీసాకే ఇంత పని! అందుకే అప్పట్లో గాజు రాజుల సొత్తు. టుటన్‌ఖామెన్ బంగారు ముసుగులో కనుబొమలకు ఆఫ్ఘనిస్థాన్ కొండల నుంచి వచ్చిన లాపిస్ లాజులి రాయి పొదిగారు. తలపాగా మీది నీలి చారలు మాత్రం గాజువే. టర్కీ తీరంలో 1982లో బయటపడిన, క్రీ.పూ.14వ శతాబ్దం నాటి మునిగిన ఓడలో దాదాపు 175 గాజు దిమ్మలు దొరికాయి. వాటిలోని నీలి గాజు ఈజిప్టు గాజుతో సరిపోలిందని పరీక్షల్లో తేలింది.

గొట్టంతో ఊదడం క్రీ.పూ. ఒకటో శతాబ్దంలో సిరియా, పాలస్తీనా ప్రాంతంలో పుట్టింది. రోమన్ల హయాంలో ఈజిప్టుకూ పాకింది. రోజంతా పట్టే పని నిమిషాల్లోకి వచ్చేసరికి గాజు సామాన్యుడి ఇంటికీ చేరింది.

నేటి కైరో పనివాళ్లది రెండు దారులు. అత్తరు సీసాలు, వేలాడే బొమ్మలు చేసేవారికి పెద్ద కొలిమి అక్కర్లేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన గాజు గొట్టాన్ని గ్యాస్ మంటలో తిప్పుతూ, మెత్తబడగానే ఊదుతారు. ఎక్కువ ఊదితే పగులుతుంది, తక్కువైతే గోడ మందమవుతుంది. కొలతంతా బుగ్గల్లోనే. రెండోవారు పాత సీసాలు పగలగొట్టి, కొలిమిలో కరిగించి గ్లాసులు, కూజాలు, దీపాలు ఊదుతారు. వాటిలో చిన్న చిన్న గాలి బుడగలు కనిపిస్తాయి. లోపమనుకుని బేరమాడేవారూ ఉంటారు కానీ, ఈ గాజుకు అందం ఆ బుడగలదే.

వీరి బతుకు చాలావరకు పర్యాటకుల మీదే. 2010లో ఈజిప్టుకు సుమారు కోటీ 47 లక్షల మంది వచ్చారు. 2011 తిరుగుబాటుతో ఆ సంఖ్య కోటి లోపునకు పడిపోయింది. 2020లో కరోనా వచ్చి బజార్లనే మూయించింది. అలాంటప్పుడు గ్యాస్ మంట దగ్గర కూర్చునేవాడు మంట ఆర్పేసి లేచిపోవచ్చు. కొలిమివాడికి ఆ వీల్లేదు. వెలిగించాడంటే, సరుకు అమ్ముడైనా కాకున్నా ఇంధనం ఖర్చు తప్పదు.