జాగా కొనేముందు మట్టిని అడగాలి

జాగా కొనేటప్పుడు మన పెద్దోళ్ళు పహణి చూస్తారు, హద్దులు కొలిపిస్తారు, వాస్తు అడుగుతారు. కానీ ఆ జాగాలో ఇంతకుముందు ఏం పని నడిచిందో అడిగేవాళ్ళు తక్కువ. ఆ ప్రశ్న వేసి, జవాబు వెతికే పనినే పర్యావరణ స్థల పరిశీలన అంటారు.

అమెరికాలో ఈ పని మామూలు కావడానికి ఒక కారణం లవ్ కెనాల్. అక్కడ ఒక కెమికల్ కంపెనీ పాత కాలువ గుంతలో వ్యర్థాలు పూడ్చి, 1953లో ఆ జాగాను ఒక్క డాలరుకు బడి బోర్డుకు ఇచ్చేసింది. దాని మీద బడి లేచింది, చుట్టూ ఇళ్ళు లేచినాయి. 1978లో విషం సంగతి బయటపడి కుటుంబాలు ఇళ్ళు వదిలిపోయినాయి. 1980లో వచ్చిన చట్టం పాత కాలుష్యానికి ఇప్పటి యజమానిని కూడా బాధ్యుణ్ణి చేసింది. అప్పటినుంచి కొనేవాళ్ళు ముందే పరిశీలన చేయించుకుంటున్నారు.

ఇందులో మూడు మెట్లు. మొదట పాత రికార్డులు చూసి, చుట్టుపక్కలవాళ్ళను అడిగి, జాగా అంతా నడిచి చూస్తారు. అనుమానం వస్తే మట్టిని, బోరునీళ్ళను ల్యాబుకు పంపుతారు. విషం తేలితే శుభ్రం చేసే పని మొదలు.

మనకు దగ్గరలోనే ఇలాంటి చోటు ఉంది. 2007 దాకా మన చిక్కబళ్ళాపురం కోలారు జిల్లాలోదే కదా! ఆ కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. సైనైడ్‌తో బంగారం తీసినాక మిగిలిన మట్టి మాత్రం 13 దిబ్బలుగా వెయ్యి ఎకరాల్లో అట్లే ఉంది. గాలి లేస్తే ఆ దుమ్ము ఊరి మీదికే వస్తుంది.

మన దేశంలో 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలు ఉన్నాయి. కన్నడలో ‘అపాయకారి త్యాజ్య’ అనేది వీటినే. ఇవి పెద్ద ఫ్యాక్టరీలకే అనుకోకండి, బండి నుంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్ కూడా ఆ పట్టీలో ఉంది. ఇలాంటివి మిగిలే వ్యాపారానికి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావాలి. వ్యర్థాలను లేబుల్ అంటించి కారకుండా దాచాలి. మామూలుగా 90 రోజులకు మించి ఉంచకూడదు. అనుమతి ఉన్నవాళ్ళకే ఇవ్వాలి. లెక్క రాసి, ఏడాది లెక్కను జూన్ 30లోగా మండలికి పంపాలి.

ఇదంతా మనకెందుకు? మన గుడిబండెలో ఏడాది పొడుగునా పారే నది లేదు. తాగేదానికైనా చేనుకైనా బోరు, చెరువే దిక్కు. షెడ్డు ఎనక పోసిన ఆయిల్ వానకు కొట్టుకొని చేరేది చెరువులోకే, ఇంకేది బోర్లలోకే. పొలానికి హద్దురాళ్ళు ఉంటాయి గానీ, భూమి లోపలి నీళ్ళకు ఉండవు.

అందుకే మన ఇళ్ళల్లో ఎవరు జాగా కొన్నా, అంగడి పెట్టినా రెండు మాటలు అడుగుదాం. ఇక్కడ ముందు ఏముండేది? మనం మిగిల్చేది ఎక్కడికి పోతుంది?