సముద్రపు నాచు సాగులో నడుం, మణికట్టు భద్రం

తమిళనాడులోని రామనాథపురం జిల్లా మండపం, పాంబన్ తీరాల్లో వెదురు తెప్పలపై కప్పాఫైకస్ అనే సముద్రపు నాచును పెంచుతున్నారు. ఆహార పదార్థాలకు, టూత్‌పేస్టుకు చిక్కదనమిచ్చే క్యారజీనన్ దీని నుంచే వస్తుంది. మన కోస్తాలోనూ ఈ సాగును ప్రయోగాత్మకంగా చేపట్టారు. 45 రోజులకే కోతకొస్తుంది. ఎరువులు, పురుగుమందుల ఖర్చుండదు. అరిగిపోయేది మాత్రం మనిషి ఒళ్లే. అందుకే తెప్పలు వేసేముందే పని చేసే తీరు గురించి ఆలోచించుకోవాలి.

నొప్పి ఎందుకొస్తుంది?

12 అడుగుల చదరపు తెప్పకు 20 తాళ్లు, తాడుకు 20 చొప్పున నాచు ముక్కలు కడతారు. అంటే ఒక్క తెప్పకు 400 ముళ్లు. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే. ఇసుకలో కూర్చుని, గంటల తరబడి తల వంచి కడితే మెడ, నడుం పట్టేస్తాయి. వేళ్లు, మణికట్టు ఒకే తీరుగా కదలడం వల్ల మణికట్టులోని నరం నొక్కుకుపోతుంది. దాంతో బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతాయి.

కోత రోజున మోత బరువు తోడవుతుంది. తెప్పకు 200 కిలోలకు పైగా పచ్చినాచు వస్తుంది. పది కిలోలు ఎండితే మిగిలేది సుమారు కిలో. మనం మోసేదాంట్లో చాలావరకు నీళ్లే అన్నమాట!

పాటించవలసిన జాగ్రత్తలు

* నేల మీద కాకుండా పీట మీద కూర్చుని, తాళ్లను మోచేతి ఎత్తులో బల్లపై పరచి కట్టాలి. రెండు కర్రల మధ్య తాడు బిగించుకున్నా సరిపోతుంది.
* అరగంటకోసారి లేచి, నడుం వెనక్కి వంచి నాలుగడుగులు నడవాలి. కట్టేవారు, ముక్కలు అందించేవారు పని మార్చుకుంటూ ఉండాలి.
* నీటిలో బరువు తేలికవుతుంది. కనుక లోతులో గంపలకెత్తకుండా తెప్పనే ఒడ్డు దాకా లాక్కురావాలి.
* కోసిన నాచును వల సంచిలో వేసి, నీరు ఓడిన తర్వాతే మోయాలి. గంపను నిండా నింపరాదు. బరువుంటే కర్రకు తగిలించి ఇద్దరు పట్టుకోవాలి.
* ఎత్తేటప్పుడు నడుం వంచకుండా మోకాళ్లు మడిచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవాలి. బరువుతో నడుం మెలితిప్పరాదు.
* రాళ్లు, గుల్లలు కోసుకోకుండా, కాలు జారకుండా బూట్లు వేసుకోవాలి.

మాత్రలతో సరిపెట్టుకోవద్దు

కూలి పోతుందని రోజూ నొప్పి మాత్ర మింగి పనికెళ్లేవారున్నారు. అలా వాడితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. రాత్రిళ్లు చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వస్తున్నా, నొప్పి నడుం నుంచి కాలిలోకి దిగుతున్నా డాక్టరుకు చూపించాలి. కాలు పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

వరి నాట్లు వేసే నడుముకూ, మూటలు మోసే భుజానికీ ఈ జాగ్రత్తలు చాలావరకు వర్తిస్తాయి. పీట, బల్ల, వల సంచికి అయ్యే ఖర్చు కొద్దిపాటిదే. నడుం పడిపోతే పోయే కూలి దానికి ఎన్నో రెట్లు.