ఇంటర్నెట్టు టెలిఫోను: ఇంటి తూము, ఎగువ లాకు

దూరమున నున్న ఆత్మీయుల స్వరము వినవలెనను కోరిక మానవునికి సహజమైనది. మన రాయవరం ప్రాంతమున ఈ కోరికకు ప్రత్యేక కారణము కలదు. ఇచటి కుటుంబములు అనేకము తమవారిని ఉపాధి నిమిత్తము కువైటు, దుబాయి, కతారులకు పంపినవి. ఒకప్పుడు ట్రంకు కాలు బుక్ చేసి గంటల తరబడి వేచియుండెడివారు. తరువాత ఎస్.టి.డి. బూతులలో నిమిషములు లెక్కించుకొని మాటాడెడివారు. 2002 ఏప్రిల్ 1వ తేదీనుండి మన దేశమున ఇంటర్నెట్టు ద్వారా సంభాషణకు కొన్ని పరిమితులతో అనుమతి లభించినది. 2016 డిసెంబరులో రాజోలు ప్రాంతమందలి మోరి గ్రామమునకు ఫైబరు తీగలపై ఇంటర్నెట్టు వచ్చినది. పిమ్మట ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థ టెలివిజను, ఇంటర్నెట్టు, టెలిఫోను, ఈ మూడింటిని ఒకే తీగపై ఇండ్లకు అందించినది.

ఐనను ఇంటర్నెట్టు ఫోనులలో ఒక విచిత్రమైన చిక్కు తరచుగా ఎదురగుచుండును. ఫోను మ్రోగును. ఎత్తి పలుకరించినచో మన మాట అవతలివారికి వినబడును గాని వారి మాట మనకు వినబడదు. కొన్ని వేళల ఫోను మ్రోగనే మ్రోగదు. కుమారుడు పలుకలేదని తల్లి కలతచెందును. తల్లి ఫోను ఎత్తలేదని కుమారుడు కలతచెందును. దోషము ఇద్దరిదియు కాదు. అది ఇంటిలోని రూటరు వద్ద నున్నది.

వాట్సాప్ వంటి సాధనములు తమ త్రోవ తామే చూచుకొనును. వానికి ఈ శ్రమ అవసరము లేదు. 'సిప్' అను పద్ధతిపై పనిచేయు బల్లఫోనులకు, కళాశాల లేక ఆసుపత్రి స్వంతముగా నెలకొల్పుకొను చిన్న ఎక్స్ఛేంజీలకు మాత్రమే ఈ చిక్కు వచ్చును.

కారణమును పరిశీలింతము. ఇంటర్నెట్టులో ప్రతి యంత్రమునకు ఒక చిరునామా కావలెను. పాత పద్ధతిలో ఇట్టి చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే. వాని కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరి 3న పూర్తిగా పంపిణీ యైపోయినది. కావుననే ఇంటికంతటికి ఒకే బయటి చిరునామా నిచ్చి, లోపలి యంత్రములకు 192.168 తో మొదలగు లోపలి చిరునామాలను రూటరే ఇచ్చును.

ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైననాటినుండి డెల్టా రైతునకు కాలువల మర్మము తెలిసినదే. కాలువ నీరు మన చేనికి రావలెనన్న గట్టులోని తూము తెరవవలెను. ఆ బోదె మన చేనికే పోవలెను. రూటరు అట్టి గట్టు. లోపలినుండి వెడలిన ప్రశ్నకు వచ్చిన జవాబును అది లోనికి రానిచ్చును. పిలువకయే వచ్చిన వార్తను ఎవరికీయవలెనో తెలియక విడిచివేయును. రూటరునకు 65,535 వరకు సంఖ్యలుగల ద్వారములున్నవి. వీనినే పోర్టులందురు. 'ఈ సంఖ్యగల ద్వారమునకు వచ్చినదానిని ఈ యంత్రమునకిమ్ము' అని ముందుగా వ్రాసియుంచు ఆజ్ఞయే పోర్టు ఫార్వర్డింగు.

సిప్ పద్ధతిలో గంట కబురు సాధారణముగా 5060 సంఖ్యగల పోర్టునకు వచ్చును. మాట మాత్రము వేరు పోర్టులలో వచ్చును. 'నా మాట ఈ చిరునామాకు పంపుడు' అని మన ఫోను చెప్పునప్పుడు తన లోపలి చిరునామానే చెప్పినచో, ఆ మాట మన ఇల్లు చేరదు. ఒకవైపే వినబడుటకు ముఖ్య కారణమిదియే.

పనికి పూనుకొనుటకు ముందు ఒక పరీక్ష తప్పనిసరి. రూటరు స్థితిని చూపు పుటలో బయటి చిరునామా కనబడును. కంప్యూటరులో 'నా ఐ.పి. చిరునామా ఏమి' అని వెదకినచో వచ్చు చిరునామాతో దానిని పోల్చవలెను. రెండును ఒకటే యైనచో త్రోవ సుగమము. రూటరులోనిది 10 తో గాని, 100.64 మొదలు 100.127 వరకు గల అంకెలతో గాని మొదలైనచో, ఒకే బయటి చిరునామాను సంస్థవారు అనేక ఇండ్లకు పంచుచున్నారని అర్థము. ఎగువ లాకు మూసియుండగా మన తూము తెరచిన ప్రయోజనమేమి? అట్టివారు సంస్థవారిని అడిగి ప్రత్యేక స్థిర చిరునామా తీసుకొనవలెను. లేదా ఫోనే ఎప్పటికప్పుడు బయటి సర్వరును పలుకరించుచు త్రోవ తెరచియుంచు ఏర్పాటు చేసికొనవలెను.

త్రోవ సుగమమైనవారు చేయవలసిన పని ఇది. మొదట, ఫోనునకు 192.168.1.20 వంటి మారని లోపలి చిరునామా నిర్ణయించవలెను. రెండవది, రూటరు పుటలో పోర్టు ఫార్వర్డింగు లేక వర్చువల్ సర్వరు అను విభాగము తెరచి, 5060 పోర్టును యు.డి.పి. పద్ధతిలో ఆ చిరునామాకు పంపవలెను. మూడవది, మాటకై ఫోనులో ఏ పోర్టుల వరుస నిర్ణయించిరో, ఆ వరుసనే రూటరులోను వ్రాయవలెను. నాల్గవది, ఫోను అమరికలలో బయటి చిరునామాను తెలుపవలెను. ఐదవది, 'సిప్ ఎ.ఎల్.జి.' అను సదుపాయమును నిలిపివేయవలెను. సహాయము పేరిట అది తరచుగా చెరుపు చేయును. చివరగా, వైఫై కాక మొబైలు డేటాపై నుండి పిలిచి పరీక్షింపవలెను.

తెరచిన తూములో చేపయే కాదు, పామును దూరవచ్చును. 5060 పోర్టును వెదకుచు తిరుగు దొంగ ప్రోగ్రాములు రేయింబవళ్లు పనిచేయుచున్నవి. సంకేతపదము బలహీనమైనచో మన ఎక్స్ఛేంజి ద్వారా విదేశములకు కాల్సు చేసి, బిల్లును మనపై మోపుదురు. కావున సంకేతపదము దీర్ఘముగా నుండవలెను. ఫోను సేవ నిచ్చు సంస్థ చిరునామానుండి మాత్రమే కబురు రానీయవలెను. రూటరు నిర్వహణ పుటను ఎన్నడును బయటకు తెరవరాదు. అనుమతి లేక విదేశీ కాల్సును స్థానిక ఫోనులకు కలుపుట నేరమనియు గుర్తెరుగవలెను. ఐక్య అరబ్ ఎమిరేట్సులో అనుమతి పొందిన ఇంటర్నెట్టు ఫోను సేవలే చెల్లును. ఆ ఆంక్ష మన రూటరుతో తొలగునది కాదు.

ఈ పనికి ఖరీదైన పరికరములు అక్కరలేదు. అర్థము చేసికొను ఓర్పు చాలును. ఇంట చదువుకొన్న విద్యార్థి ఒక్కడు ఎగువ లాకును పరీక్షించి, అవసరమైన తూమునే తెరచి, మిగిలినవి మూసి ఉంచినచో, ఆ ఇంటి తల్లికి కడలి ఆవలి బిడ్డ మాట వినబడును. విద్యకు ఇంతకంటె తక్షణ ప్రయోజనము వేరేమి కావలెను?