మీకు తెలుసా? బ్రౌజర్‌లోనే ఫోటోషాప్!
1990లో మెకింటాష్ కంప్యూటర్లకోసం విడుదలైన, ఫోటోలు దిద్దే అడోబీ సాఫ్ట్‌వేర్ ఫోటోషాప్ ఇప్పుడు ఇన్‌స్టాల్ చేయకుండానే బ్రౌజర్ ట్యాబ్‌లో తెరుచుకుంటుంది. ఈ వెబ్ రూపం బీటా (ప్రయోగ దశ) 2021 అక్టోబరులో వచ్చింది. ఇందుకోసం అడోబీ తన సీ ప్లస్ ప్లస్ కోడ్‌ను జావాస్క్రిప్టులో తిరగరాయలేదు. ఎమ్‌స్క్రిప్టెన్ అనే పనిముట్టుతో ఆ కోడ్‌ను, బ్రౌజర్లు నేరుగా నడపగల వెబ్‌అసెంబ్లీలోకి మార్చింది. ఏళ్ల తరబడి పోగైన కోడ్ వృథా కాకపోవడమే ఇందులో అన్నిటికన్నా గొప్ప సంగతి.

భారీ పీఎస్‌డీ (ఫోటోషాప్ సొంత ఫార్మాట్) ఫైలు ఒక్కసారిగా మెమరీలో పట్టదు కదా! అందుకే ఫోటోషాప్, బ్రౌజర్ తన సైటుకని విడిగా కేటాయించిన డిస్కు జాగాలో డేటాను దాచి, అవసరమైనంతే తెచ్చుకుంటుంది.

ఫోటోషాప్‌కన్నా ముందే, డిజైనర్లు బ్రౌజర్‌లో వాడే ఫిగ్మా 2017లోనే వెబ్‌అసెంబ్లీకి మారి, లోడయ్యే సమయాన్ని మూడో వంతుకు తగ్గించుకుంది. 2019 డిసెంబరులో వెబ్‌అసెంబ్లీ అధికారిక వెబ్ ప్రమాణమైంది.